కణాలను నిలిపే అంచు

శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో అమర్చే కృత్రిమ లెన్సు పని కాంతిని రెటీనా మీదికి చేర్చడం. ఆ పని లెన్సు నడుమ భాగం చేస్తుంది. అది ఎన్నేళ్లు సవ్యంగా సాగుతుందనేది మాత్రం చాలావరకు లెన్సు అంచు మీద, ఆ అంచు దగ్గర కణాలు ఎలా మసలుకుంటాయన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

కణం తాను ఆనుకున్న తలాన్ని తడుముకుంటూ కదులుతుంది. ముందువైపు సన్నని పోగులు చాచి, పట్టు దొరికిన చోట ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్లతో అతుక్కుని, లోపలి యాక్టిన్ తంతువులను బిగించి తనను తాను ముందుకు లాక్కుంటుంది. తలం మీద గాడులుంటే ఈ తంతువుల కట్టలు గాడి పొడవునా తిన్నగా సాగుతాయి. గాడిని అడ్డంగా దాటాలంటే అవి అంచు మీద మడతపడాలి. బిగుసుకున్న కట్ట తేలిగ్గా వంగదు. అందుకే కణం పొడుగ్గా సాగి గాడి వెంటే నడుస్తుంది. 1907లో కప్ప పిండపు నరకణాలను శరీరం బయట పెంచి చూపిన అమెరికా జీవశాస్త్రవేత్త రాస్ హారిసన్, తర్వాతి ఏళ్లలో సాలెగూటి దారాల మీద కణాలను పెంచినప్పుడు అవి దారం వెంబడే సాగాయి. మరో జీవశాస్త్రవేత్త పాల్ వైస్ 1930, 1940 దశకాల్లో ఈ గుణాన్ని లోతుగా పరిశీలించాడు. గ్లాస్గో పరిశోధకులు 1987లో గాడులకు బదులు ఒకే ఒక్క మెట్టును కణాల ముందుంచారు. మెట్టు ఎత్తు మైక్రాన్లలోనే ఉన్నా, అది పెరిగేకొద్దీ దాటే కణాలు తగ్గాయి.

లెన్సు చరిత్ర మాత్రం వేరే దారిలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానం కాక్‌పిట్ కప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని భరించడం లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. పీఎంఎంఏ అనే ఆ ప్లాస్టిక్‌తోనే చేయించిన లెన్సును 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలిసారి అమర్చాడు.

లెన్సు కుదురుగా నిలవాలంటే సహజ కటకపు సంచిని కంట్లోనే ఉంచాలి. మన దేశంలో 1980ల దాకా ఎక్కువగా కటకాన్ని సంచితో సహా తీసేసి, రోగికి సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. సంచిని ఉంచితే మరో చిక్కు వస్తుంది. దాని ముందు గోడకూ చుట్టు అంచుకూ అంటుకున్న కణాలు కొన్ని మిగిలిపోతాయి. ఎంత చేయి తిరిగిన సర్జన్ అయినా అన్నిటినీ తీయలేరు. అవి పెరుగుతూ, నున్నని వెనక గోడ మీదుగా నడిమికి పాకుతాయి. కొన్ని ఉబ్బి గుత్తులు కడితే, కొన్ని పీచుగా మారి గోడను ముడతలు పడేలా చేస్తాయి. నెలలకో ఏళ్లకో చూపు మళ్లీ మసకబారుతుంది. శుక్లం తిరిగి వచ్చిందని రోగి అనుకుంటాడు గానీ, అది కణాలు కట్టిన కొత్త పొర. 1980ల నుంచి యాగ్ లేజర్‌తో వెనక గోడకు చిన్న రంధ్రం చేసి చూపు తెప్పిస్తున్నారు. అది నిమిషాల పని. కానీ లేజర్ యంత్రం ఉన్న ఊరికి రోగి రెండోసారి వెళ్లగలగాలి.

1990ల మధ్యలో వచ్చిన మెత్తని అక్రిలిక్ లెన్సులు పెట్టిన కళ్లలో ఈ పొర తక్కువగా కనిపించింది. ఘనత కొత్త పదార్థానిదే అనుకోవడం సహజం. ఒసాకా వైద్యుడు ఒకిహిరో నిషి కుందేళ్ల మీద దాన్ని పరీక్షించి చూశాడు. అక్రిలిక్ లెన్సు పదునైన అంచును గుండ్రంగా చేస్తే ఆ మేలు పోయింది. పాత పీఎంఎంఏకు పదునైన అంచు ఇస్తే ఆ మేలు వచ్చింది. వెనక గోడ లెన్సును చుట్టి బిగుసుకునేటప్పుడు పదునైన అంచు దగ్గర ఒక్కసారిగా మడతపడుతుంది, కణాల వరుస అక్కడ ఆగిపోతుంది. మడతే ఆపుతోందా, అక్కడ పడే ఒత్తిడి ఆపుతోందా అన్న చర్చ శాస్త్రవేత్తల్లో సాగింది. ఏదైనా అడ్డుకుంటున్నది ఆకారమే. ఖరీదైన పదార్థం లేకుండా అదే రక్షణ దొరుకుతుందన్నది ఈ ప్రయోగాల అసలు విలువ.

ఆ విలువ తమిళనాడులోని కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతానికి బాగా తెలిసొచ్చేదే. ఇది నల్లరేగడి మెట్టనేల, పత్తికీ అగ్గిపెట్టెలకూ పేరు. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఇక్కడి పల్లెల్లో తరతరాలుగా ఉన్నాయి. కోవిల్‌పట్టికి చేరువలోని ఎట్టయపురం ప్రాంతపు వడమలాపురంలో 1918లో రైతు కుటుంబంలో పుట్టిన గోవిందప్ప వెంకటస్వామి, కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయినా కంటి సర్జన్ అయ్యారు. ప్రభుత్వ ఉద్యోగ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. ఆ సంస్థే 1992లో ఆరోల్యాబ్‌ను నెలకొల్పి, వంద డాలర్లు దాటే విదేశీ లెన్సుకు బదులు పీఎంఎంఏ లెన్సును పది డాలర్ల దరిదాపుల్లో, తర్వాత అంతకన్నా తక్కువకు అందించింది. కోవిల్‌పట్టి నుంచి మదురై సుమారు వంద కిలోమీటర్లు, దారిలో విరుదునగర్. చూపు తగ్గిన వృద్ధుణ్ణి తోడు మనిషి కూలి మానుకుని అంతదూరం రెండోసారి తీసుకెళ్లాలంటే ఆ ఇంటికి భారమే. చవక లెన్సుకే మంచి అంచు ముందుగా దక్కాల్సింది అందుకే. అరవింద్ వైద్యులు గుండ్రని అంచు, పదునైన అంచు ఉన్న పీఎంఎంఏ లెన్సులను ఏళ్ల తరబడి పోల్చి 2017లో ఫలితాలు ప్రచురించారు. పదునైన అంచు ఉన్న కళ్లలో పొర తక్కువగా ఏర్పడింది.

అలాంటి అంచు తయారుచేయడం తేలిక కాదు. లెన్సును నునుపు చేసే పాలిషింగే అంచును అరగదీసి గుండ్రంగా మారుస్తుంది. పదునైనదని అమ్మే అంచు కూడా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఒంపు తిరిగి కనిపించవచ్చు. మరీ పదునైతే పక్కనుంచి వచ్చే కాంతి అంచు మీద పడి కంట్లో మెరుపులు తోస్తాయి. కొన్ని లెన్సుల్లో ముందు అంచును గుండ్రంగా, వెనక అంచును పదునుగా ఉంచడం ఈ మెరుపులను తగ్గించడానికే. లెన్సును సంచిలో నిలిపే కాళ్లు అంటుకునే చోట అంచు తెగిపోతుంది, కణాలు ఎక్కువగా చొరబడేది అక్కడినుంచే. చిన్నపిల్లల్లో కణాలు మరీ చురుగ్గా పెరుగుతాయి కనుక సర్జన్లు అంచును మాత్రమే నమ్ముకోరు, ఆపరేషన్‌లోనే వెనక గోడ నడిమి భాగాన్ని తీసేస్తారు.