పరుగెత్తే చేపకు ఫొటో

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా బడిలో గ్రూపు ఫొటో తీశారు. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి, "ఎవరూ కదలకండి!" అన్నాడు. సరిగా అప్పుడే పక్కవాడు నన్ను గిల్లాడు; నేను అటు తిరిగాను. ఫొటోలో అందరికీ ముఖాలు వచ్చినవి. నాకు మాత్రం ముఖం ఉండవలసిన చోట మబ్బు వచ్చింది!

మనుషులకైతే "కదలకండి" అని చెప్పవచ్చును. చేపకు ఎలా చెప్పడం?

పోయిన వేసవిలో మా ఇంట్లో ఈ చిక్కే వచ్చింది. మా మనమరాలు గాజుతొట్టిలో ఆరు జీబ్రా చేపలను పెంచుతున్నది. చిటికెనవేలంత చేపలు, ఒంటి నిండా నీలిచారలు. ఇవి మన దేశపు చేపలే. గంగానది చేపలను గురించి వ్రాసిన హామిల్టన్ అనే ఆయన 1822లో వీటిని లోకానికి తెలిపాడు. ఇవి ఒక్క క్షణం ఒకచోట నిలవవు. ఒకనాడు అందులో ఒకదాని తోక దగ్గర ఏవో తెల్లచుక్కలు ఉన్నట్టు ఆ పిల్లకు అనిపించింది. చేపలు అమ్మే అతను, "ఫొటో పంపు పాపా, చూసి చెబుతాను" అన్నాడు. ఆమె సెల్‌ఫోనుతో ఇరవై ఫొటోలు తీసింది. ఇరవైలోనూ చేప లేదు, నీలిగీత మాత్రం ఉన్నది! "తాతయ్యా, చేప చచ్చిపోతుందేమో" అని ఏడుపు మొహం పెట్టింది.

కాగితం తీసి ఇద్దరం లెక్క వేశాము. మీరూ వేయండి. చేప సెకండుకు 30 సెంటీమీటర్లు ఈదుతున్నదనుకుందాం. కెమేరా కన్ను సెకండులో 30వ వంతు సేపు తెరుచుకుంటే, ఆ లోపల చేప ఒక సెంటీమీటరు జరిగిపోతుంది. నాలుగు సెంటీమీటర్ల చేపకు అది ఒంట్లో నాలుగోవంతు! ఇక చుక్కలు ఏం కనబడతాయి? అదే సెకండులో 500వ వంతు సేపు తెరిస్తే, చేప జరిగేది అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. చాలా సెల్‌ఫోనులలో 'ప్రో' అనే అమరికలో ఈ వేగాన్ని మనమే పెట్టుకోవచ్చును.

పెట్టాము. ఫొటో అంతా చీకటి!

కుళాయి క్షణంసేపు తిప్పి కట్టేస్తే బిందె నిండుతుందా? వెలుతురూ అంతే. 30వ వంతు నుంచి 500వ వంతుకు వస్తే, లోపలికి చేరే వెలుతురు దాదాపు 17వ వంతుకు పడిపోతుంది. కనుక వెలుతురు పెంచాలి. ఫోనుకుండే ఫ్లాషు వేస్తే అది గాజుకు తగిలి అద్దంలో దీపంలా తిరిగి మన కెమేరాలోకే వస్తుంది. మేము తొట్టి మూత మీద మంచి దీపం ఒకటి పెట్టి, గదిలో మిగతా దీపాలన్నీ ఆర్పేశాము. గాజులో మా నీడలు మాయమైనవి. (నీళ్ల దగ్గర కరెంటు పని! మీరు చేయకండి, పెద్దవాళ్లచేత చేయించండి.)

ఇంకొక సంగతి. ఫోనును గాజుకు ఏటవాలుగా పట్టుకోకూడదు. నీటిలోనుంచి బయటికి వచ్చే కిరణం వంగుతుంది. గ్లాసు నీళ్లలో పెన్సిలు విరిగినట్టు కనబడేది అందుకే. ఏటవాలుగా చూస్తే చేప అలుక్కుపోతుంది. తిన్నగా ఎదురుగా పట్టాలి. గాజును ముందుగా శుభ్రంగా తుడవాలి.

చేప వెంట పరుగెత్తకండి. అది మీకన్నా చురుకైనది. మేము ఒక ఆకు మీద ఫోకసు కుదిర్చి, దాని దగ్గర చిటికెడు మేత వేసి కూర్చున్నాము. మేతకోసం మళ్లేటప్పుడు చేప ఒక్క లిప్త ఆగుతుంది. అదే అదను. కొందరు తొట్టిలో గాజుపలక నిలిపి చేపను ముందుకు తోస్తారు. జబ్బు చేపను అలా ఇరికించడానికి నాకు మనసొప్పలేదు. గాజు మీద టకటక కొట్టడం కూడా మంచిది కాదు.

గంటసేపు కూర్చున్నాక ఒక ఫొటో వచ్చింది. తోక మీద ఉప్పు రవ్వలవలె ఏడు చుక్కలు, లెక్కపెట్టుకోవచ్చును! చేపలతను చూడగానే "తెల్లచుక్కల జబ్బు" అన్నాడు. ఆ చుక్కలు సూక్ష్మజీవుల గూళ్లు. అవి చేపను వదిలి తొట్టి అడుగున చేరి, ఒక్కొక్కటి వందలుగా పెరిగి మళ్లీ చేపలను పట్టుకుంటవి. చేప ఒంట్లో ఉన్నంతసేపు వాటికి మందు తగలదు. నీటిలో ఈదేటప్పుడే తగులుతుంది. అందుచేత ఒక్క చేపకు గాక తొట్టి అంతటికీ, కొన్నాళ్లపాటు మందు వేయాలన్నాడు.

ఆ చేప దక్కలేదు. మిగిలిన అయిదూ బ్రతికినవి. ఇప్పటికీ ఒక్క క్షణం నిలవవు.