నూనె గిన్నెలో ప్రపంచం

"విదేశీ వ్యవహారాలు మనకెందుకండీ? ఆ గొడవలు చూసుకోవడానికి ఢిల్లీలో బోలెడంతమంది ఉన్నారు. పప్పు ఉడికిందా, పిల్లలు తిన్నారా... మనకదీ ముఖ్యం" అనేదాన్ని ఒకప్పుడు నేను కూడా. మావారు టీవీలో వార్తలు పెడితే రిమోట్ లాక్కుని సీరియల్ పెట్టుకున్న రోజులూ ఉన్నాయి. అలాంటి నేను ఇవాళ పేపరు రాగానే ముందు అంతర్జాతీయ వార్తల పేజీ తిప్పుతున్నాను. నన్నిలా మార్చింది ఏ ప్రొఫెసరుగారో కాదు. లీటరు నూనె ప్యాకెట్టు!

2022 ఏప్రిల్ ఆఖరు సంగతి. సెలవులిచ్చారు కదా, పిల్లలకి కాసిని జంతికలు, చెక్కలు చేసి పెడదామని పాల్వంచ బజారుకెళ్లాను. సన్‌ఫ్లవర్ నూనె ధర వినేసరికి గుండె గుభేలుమంది. లీటరు దాదాపు రెండొందలు!

"అదేంటి బాబూ, సంక్రాంతికి ఇంత లేదే?" అన్నాను.

"యుద్ధం కదమ్మా. ఉక్రెయిన్ నుంచి సరుకు రావట్లేదు" అన్నాడు షాపతను.

"పోనీ పామాయిలివ్వు."

"అదీ పెరిగిందమ్మా. ఇండోనేషియా వాళ్లు ఆపేశారు."

నా పక్కన నిలబడ్డ పెద్దావిడ నిట్టూర్చింది. "ఎవరో ఎక్కడో కొట్టుకుంటే మన మూకుట్లో నూనె ఎండిపోవాలా తల్లీ!"

రెండు లీటర్లు తెద్దామని వెళ్లినదాన్ని ఒక్క ప్యాకెట్టుతో ఇంటికొచ్చాను. ఆవిడ అన్న మాటే మావారితో అంటే, ఆయన నవ్వారు. "పాల్వంచలో ఉండి ఆ మాటంటావేమిటోయ్! మన స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఎలా వచ్చిందనుకున్నావు? కోకింగ్ బొగ్గు లేకుండా మామూలు బొగ్గుతో ఇనుము చెయ్యొచ్చా అని ఐక్యరాజ్య సమితి సాయంతో పెట్టిన ఫ్యాక్టరీ అది. 1980లో ఉత్పత్తి మొదలైంది. 2010లో ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది. అంతెందుకు, ఇక్కడ ఫెర్రో అల్లాయ్స్‌తో మొదలైన నవభారత్ వాళ్లు ఆఫ్రికాలో, జాంబియా దేశంలో, మాంబా అనే చోట బొగ్గు గని, కరెంటు కేంద్రం నడుపుతున్నారు" అన్నారు.

రోజూ ఆ గేట్ల ముందు నుంచే కూరలకి వెళ్తాను. ఒక్కనాడూ ఆ ఆలోచన రాలేదు. చెప్పొద్దూ, కాస్త సిగ్గేసింది. ఆ రాత్రి మా పెద్దవాడి అట్లాసు ముందేసుకుని కూర్చున్నాను.

ఉక్రెయిన్ నల్లసముద్రం ఒడ్డున ఉంది. మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో సింహభాగం ఉక్రెయిన్, రష్యాలదే. 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడికి దిగాక అక్కడి రేవుల్లో ఓడలు నిలిచిపోయాయి. దాంతో ప్రపంచమంతా పామాయిల్ మీద పడింది. దాన్ని అందరికంటే ఎక్కువగా పండించేది ఇండోనేషియా. అందరూ ఎగబడితే ఏమవుతుంది? నూనె దేశంలోనే నూనె పిరమైంది. అక్కడి ఆడవాళ్లు చౌకనూనె కోసం క్యూల్లో నిలబడ్డారు. వాళ్ల గోల పడలేక అధ్యక్షుడు జోకో విడోడో ఏప్రిల్ 28 నుంచి పామాయిల్ ఎగుమతులు నిషేధించారు. మళ్లీ మే 23న గానీ ఎత్తెయ్యలేదు.

అంటే, అక్కడెవరో ఇల్లాలు ఖాళీ సీసా పట్టుకుని క్యూలో నిలబడ్డందుకు ఇక్కడ నా సంచీ తేలికైందన్నమాట! ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలో, జాలి పడాలో తెలియలేదు.

అసలు మనం వాడే వంటనూనెల్లో సగానికి పైగా బయటి దేశాల నుంచి వచ్చేవే. అందుకే దేశాల మధ్య మాటా మాటా వచ్చినా దాని సెగ నూనెకి తగులుతుంది. 2019 సెప్టెంబరులో మలేషియా ప్రధాని మహతీర్ మొహమ్మద్ ఐక్యరాజ్య సమితి సభలో కాశ్మీరు విషయంలో మన దేశాన్ని తప్పుబట్టారు. తర్వాత పౌరసత్వ చట్టం మీదా విమర్శలు చేశారు. 2020 జనవరిలో మన ప్రభుత్వం శుద్ధిచేసిన పామాయిల్ దిగుమతుల మీద ఆంక్షలు పెట్టింది. ఇది ఏ ఒక్క దేశాన్నీ ఉద్దేశించి కాదని కేంద్రం చెప్పినా, దెబ్బ ఎక్కువగా తగిలింది మలేషియాకే. ఎదురుదెబ్బ తీయడానికి తమది చాలా చిన్న దేశమని మహతీర్ ఒప్పుకున్నారు కూడా. ఇరుగుపొరుగు వాళ్లకి మాటపట్టింపు వస్తే పేరంటానికి పిలవడం మానేస్తాం చూడండి, అలాగన్నమాట!

ఇంతవరకూ బాగానే అర్థమైంది. అర్థం కానిదల్లా మా ఇంటి సంగతే.

మా పుట్టిల్లు దమ్మపేట వైపు. కొత్తగూడెం దాటి, చంద్రుగొండ మీదుగా వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా పామాయిల్ తోటలే. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఈ పంట వెయ్యడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. అశ్వారావుపేటలో ఒకటి, దమ్మపేట మండలం అప్పారావుపేటలో ఒకటి, ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీలున్నాయి. మా తమ్ముడికీ అయిదెకరాల తోట ఉంది.

ఆ 2022 మే నెలలోనే వాడు ఫోన్ చేశాడు. "అక్కా, గెలలు టన్ను ఇరవై రెండు వేలు దాటాయి! ఇంత ధర ఎప్పుడూ చూడలేదే" అని ఒకటే సంబరం. అక్కడ మరదలు పక్కనుంచి నవ్వుతోంది. నేనూ నవ్వాను. నా మూకుట్లో నూనె ఎండబెట్టిన యుద్ధమే మా తమ్ముడింట్లో దీపం పెట్టిందన్న సంగతి అప్పటికి నాకు తట్టనేలేదు.

ఏడాది తిరిగింది. 2023లో నూనె ధరలు దిగొచ్చాయి. నాకు సంతోషం పట్టక, గారెలు వేసిన రోజున తమ్ముడింటికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది. "అమ్మాయ్, నూనె దిగిందే! మళ్లీ మూకుడు పొయ్యెక్కింది మా ఇంట్లో" అన్నాను.

అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "మీకు దిగితే మాకూ దిగినట్టే కదా వదినా. గెలలు పదమూడు వేల దగ్గరున్నాయి. పిల్ల కాలేజీ ఫీజుకని నా గాజులు, గొలుసు బ్యాంకులో పెట్టాం" అంది.

చేతిలో గారె చేతిలోనే ఉండిపోయింది.

తర్వాత కాగితం మీద లెక్కేసి చూశాను. వాళ్ల తోటలో ఎకరానికి ఏడాదికి ఎనిమిది టన్నుల గెలలొస్తాయి. అయిదెకరాలకి నలభై. టన్నుకి తొమ్మిది వేలు తగ్గితే ఏడాదికి మూడు లక్షల అరవై వేలు! మరి నాకెంత మిగిలింది? నెలకి నాలుగు లీటర్లు, లీటరుకి యాభై తగ్గిందనుకున్నా రెండొందలు. ఏడాదికి రెండు వేల నాలుగొందలు. అలాగని ఆ రెండొందలు తేలిగ్గా తీసేయడానికీ లేదు. మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకి అది ఒక పూట కూలి కాదు, పిల్లల ట్యూషన్ డబ్బులు.

పోనీ ధర వచ్చేదాకా ఆగి అమ్ముకోవచ్చు కదా అంటారేమో. మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటారు. పామాయిల్ గెల అలా కాదు. కోసిన ఇరవై నాలుగ్గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. లేకపోతే నూనె నాణ్యత పోతుంది. పోనీ పంట మార్చుకుందామా అంటే, నాటాక మూడు నాలుగేళ్లు ఎదురుచూసి పెంచిన చెట్టు. పాతికేళ్ల పైన కాపు కాస్తుంది. మరి ధర ఎవరు పెడతారు? నెలనెలా గెలల ధర ప్రకటిస్తారు. ముడి పామాయిల్ అమ్మకం ధర ఎంత, టన్ను గెలల్ని ఆడిస్తే నూనె ఎంత శాతం దిగుతుంది అన్నవి దానికి లెక్క. ఆ ముడి నూనె ధరేమో కౌలాలంపూర్, జకార్తాల వైపు చూసి నడుస్తుంది. దమ్మపేటలో కత్తి పట్టి గెల కోసేవాడికి మలేషియా మార్కెట్టే తాసిల్దారు!

దీని మీద మళ్లీ ఢిల్లీ వేసే సుంకం ఒకటి. 2024 సెప్టెంబరు 14 నుంచి ముడి నూనెల మీద దిగుమతి సుంకం, సెస్సులతో కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచారు. బయటి నూనె పిరమైతే ఇక్కడి గెలకి ధర వస్తుంది. మా తమ్ముడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ దసరాకి నేను మాత్రం షాపులో లీటరుకి పాతిక పైనే ఎక్కువ పోశాను. 2025 మే నెలాఖరున ఆ సుంకాన్నే 16.5 శాతానికి తగ్గించారు. ఈసారి నేను ఊపిరి పీల్చుకున్నాను, గుబులు వాళ్లింటికి వెళ్లింది.

టీవీ చర్చల్లో పెద్దలు "వినియోగదారుల ప్రయోజనం" అని ఒకరు, "రైతుల ప్రయోజనం" అని ఇంకొకరు వాదించుకుంటుంటారు. వాళ్లకి అవి రెండు వర్గాలు. మా ఇంట్లో ఒక తల్లి కన్న అక్కాతమ్ముళ్లం. పాల్వంచలో ఉండేది ఒకరు, దమ్మపేటలో ఉండేది ఒకరు. ప్రపంచం ఎటు తిరిగినా మా ఇద్దరిలో ఒకరికి నష్టమే అంటే, ఆ తిప్పే పద్ధతిలోనే ఏదో లోపముందని నాకనిపిస్తుంది.

2021 ఆగస్టులో కేంద్రం 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించింది. అంతర్జాతీయ ధర పడిపోయినప్పుడు రైతుకి తేడా పూడ్చే ఏర్పాటు కూడా అందులో రాసుకున్నారు. దిగుమతులు తగ్గాలి, ఇక్కడే పండాలి అన్న మాట మంచిదే. కానీ "పండించండి" అని చెప్పినవాళ్లు ధర పడ్డరోజునా పక్కన నిలబడాలి కదా! గెలకి ఇంతకి తగ్గదని గట్టి ధర ఉంటే, సుంకం దించినా తమ్ముడు గాజులు తాకట్టు పెట్టడు. నూనె పిరమైన నెలల్లో రేషన్ షాపులో పేదింటికి ఒక ప్యాకెట్టు తక్కువకిస్తే, సుంకం పెంచినా ఆ తల్లి మూకుడు బోర్లించదు. ఇది చెప్పడానికి పెద్ద చదువులక్కర్లేదు. మన ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఒకడి కంచంలోంచి తీసి ఇంకొకడికి పెట్టం కదా?

ఇప్పుడు నేను ఒక నోటు పుస్తకం పెట్టాను. పాల లెక్క, చాకలి పద్దు పక్కనే నూనె పద్దు. ఇండోనేషియా 2025లో డీజిల్లో పామాయిల్ బయోడీజిల్ నలభై శాతం కలపడం మొదలుపెట్టిందన్న వార్త కూడా అందులో రాసుకున్నాను. వాళ్లు బండ్లలో ఎక్కువ పోసుకుంటే మనకి మిగిలేది తక్కువ కదా మరి! మా మరదలు కూడా ఊరుకోలేదు. ఆదివారం ఫోన్ చేస్తే పిల్లల సంగతులయ్యాక, "వదినా, ఈ వారం ఇండోనేషియా వాళ్లేమంటున్నారు?" అని అడుగుతుంది. ఒకరికి మంచి కబురైతే రెండోవాళ్లకి కాదని ఇద్దరికీ తెలుసు. అందుకే మొన్న తన గాజులు విడిపించుకున్న రోజున, నూనె పిరమైనా సరే, నేను గారెలే వేశాను.

మావారు మాత్రం ఏడిపించడం మానలేదు. "విదేశాంగ మంత్రిగారూ, భోజనం ఎప్పుడు?" అంటారు.

"ఉండండి, నల్లసముద్రంలో ఓడలు కదిలాయో లేదో చూసి పోపు పెడతాను" అంటాను నేను.