లండన్ చదువు, గంటల లెక్క: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

లండన్‌లో మాస్టర్స్ చదవాలన్న మాట రాగానే ఇంట్లో ముందుగా మొదలయ్యేది డబ్బు లెక్క. ఫీజు ఎంత, గది అద్దె ఎంత, పౌండుకు ఎన్ని రూపాయలు, లోను ఎంత వస్తుంది, దాని మీద వడ్డీ ఎంత. ఈ లెక్క వేసుకోవలసిందే, వేసుకోకుండా విమానం ఎక్కడం ప్రమాదం. అయితే ఆ నగరం గురించి మన దగ్గర తిరుగుతున్న అపోహల్లో ఆశపెట్టేవాటినీ భయపెట్టేవాటినీ ఒక్కచోట చేర్చి చూస్తే, దాదాపు అన్నిటి వెనకా ఒకే పొరపాటు కనిపిస్తుంది. విద్యార్థి చేతిలో సమయం కావలసినంత ఉంటుంది, కొరతంతా డబ్బుకే అన్న నమ్మకం అది. ఏడాది కోర్సుకు వెళ్ళినవారికి లండన్‌లో ముందుగా అయిపోయేది సమయమనీ, డబ్బు కష్టాల్లో చాలా భాగం ఆ కొరత నుంచే పుడుతుందనీ నా వాదన.

‘వారానికి రెండు మూడు రోజులే క్లాసులు, మిగతాదంతా ఖాళీయే’ అన్న మాటతో మొదలుపెడదాం. కన్సల్టెన్సీల్లోనూ, సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఇది తరచూ వినిపిస్తుంది. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగమే కొంప ముంచుతుంది. బ్రిటన్‌లో మాస్టర్స్ డిగ్రీ అంటే సాధారణంగా 180 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్‌కు పది గంటల చదువు అని అక్కడి విశ్వవిద్యాలయాల లెక్క. అంటే మొత్తం 1,800 గంటలు. అందులో తరగతి గదిలో గడిచేది చిన్న వాటా. మిగిలినదంతా చదవాల్సిన పుస్తకాలు, వ్యాసాలు, సెమినార్‌కు సిద్ధం కావడం, అసైన్‌మెంట్లు, చివర్లో డిసర్టేషన్ అనే పెద్ద పరిశోధన వ్యాసం. ఏడాదిలో 50 వారాలకు పంచినా వారానికి 36 గంటలు. టైమ్‌టేబుల్‌లో ఖాళీగా కనిపించే రోజు నిజానికి చదువు కోసం వదిలిన రోజు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో హాజరు సరిపోతే చాలు, పరీక్షకు ముందు వారం కూర్చుంటే గట్టెక్కవచ్చు. ఆ అలవాటు అక్కడ పనికిరాదు. ఎవరు ఏమన్నారో చదివి, అందులో మీరు దేన్ని ఎందుకు ఒప్పుకుంటున్నారో రాయమంటారు. ఇంకొకరి వాక్యాలు ఎత్తి రాస్తే సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుంది, విచారణ దాకా వెళ్తుంది. మార్కుల సంగతి కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. మాస్టర్స్‌లో పాస్ మార్కు సాధారణంగా 50, డిస్టింక్షన్ 70. తొంభైలకు అలవాటుపడిన ఇంటికి 64 అని ఫోన్‌లో చెప్పుకోలేక పిల్లలు కుంగిపోతారు. అక్కడది మంచి మార్కు, సిగ్గుపడాల్సిన పని లేదు.

ఆ 36 గంటలను పక్కన పెట్టి అల్లుకున్న ఆశే అన్నిటికన్నా పెద్ద అపోహ. పార్ట్‌టైమ్ చేస్తే ఖర్చులు వెళ్ళిపోతాయి, కాస్త కష్టపడితే ఫీజు కూడా వచ్చేస్తుంది అంటారు. 2025 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో 21 ఏళ్ళు నిండినవారి కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు అయింది. ఏటా ఏప్రిల్‌లో అది కొంత పెరుగుతుంది. వీసా అనుమతించే 20 గంటల పనీ ప్రతి వారం దొరికిందనుకున్నా వారానికి 244 పౌండ్లు, నెలకు సుమారు 1,058. అదే 2025లో లండన్‌లో చదివేవారు నెల ఖర్చు కింద చూపాలని బ్రిటన్ హోం ఆఫీసు నిర్ణయించిన మొత్తం 1,483 పౌండ్లు, తొమ్మిది నెలలకు 13,347. నవంబరులో దాన్ని నెలకు 1,529కి పెంచారు. ఒక్క షిఫ్టు కూడా పోకుండా పనిచేసినా, బతకడానికి కావాలని ప్రభుత్వమే వేసిన లెక్కకు నెలకు నాలుగు వందల పౌండ్ల పైన తక్కువే పడుతుంది. ఫీజు మాట ఆ తర్వాత. పైగా మొదటి పని దొరకడానికే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దొరికిన పనిలో కూడా గంటల హామీ ఉండదు, ఈ వారం 16 గంటలు ఇచ్చి వచ్చే వారం ఆరే ఇవ్వవచ్చు. వీసా అధికారులు సైతం రేపు సంపాదించబోయే డబ్బును లెక్కలోకి తీసుకోరు. ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉన్న సొమ్మో, మంజూరైన విద్యారుణమో చూపమంటారు. జీవిత భాగస్వామి వెంట వచ్చి ఫుల్‌టైమ్ పనిచేస్తే సరిపోతుందన్న పాత సలహా కూడా చెల్లదు. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో, పరిశోధన ప్రధానమైనవాటికి తప్ప మామూలు మాస్టర్స్‌కు కుటుంబాన్ని డిపెండెంట్ వీసాపై తీసుకెళ్ళే వీలు దాదాపుగా లేదు.

ఇరవై గంటల నియమం చుట్టూ ఉన్న అపోహలు మరీ ప్రమాదకరమైనవి, ఎందుకంటే అవి వీసాకే ఎసరు పెడతాయి. ఒక వారం పది గంటలే చేశాను కాబట్టి మరో వారం ముప్పై చేయవచ్చని కొందరు అనుకుంటారు. కుదరదు. సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ వారానికి ఆ వారమే లెక్క, సగటు చూడరు. రెండు చోట్ల పనిచేస్తే రెండూ కలిపే 20. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేసుకోవచ్చన్నది నిజమే గాని, మాస్టర్స్ విద్యార్థి వేసవి సెలవు కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా క్లాసులు లేకపోయినా అది డిసర్టేషన్ కాలం, కోర్సులో భాగం, అప్పుడు కూడా 20 గంటలే. ఆ నాలుగు నెలల్లో సంపాదించి అప్పు తగ్గిద్దామని ప్రణాళిక వేసుకున్నవారి లెక్క మొత్తం అక్కడే తలకిందులవుతుంది. ఇక ఫుడ్ డెలివరీ. యాప్‌ల ద్వారా సైకిలు మీద డెలివరీ చేసేవారిని అక్కడ సాధారణంగా స్వయం ఉపాధి కింద లెక్కిస్తారు. విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి నిషేధం, ఒక్క గంట చేసినా ఉల్లంఘనే. ఇంకొకరి ఖాతా అద్దెకు తీసుకుని చేస్తే తప్పు మీద తప్పు. ‘అందరూ చేస్తున్నారు, ఎవరూ పట్టించుకోరు’ అనే మాటకు జవాబు సులువు. జీతాల వివరాలన్నీ పన్నుల శాఖకు చేరతాయి. చేతికి నగదు ఇచ్చే యజమాని కనీస వేతనం ఇవ్వకపోయినా, జీతమే ఎగ్గొట్టినా, వీసా భయంతో విద్యార్థి నోరెత్తలేడు. అదనపు గంటల్లో వచ్చేది కొన్ని వందల పౌండ్లు, పణంగా పెట్టేది మొత్తం చదువు.

‘దూరమైతే అద్దె తక్కువ’ అన్నది కూడా సగం నిజమే. లండన్ రవాణా జోన్లుగా ఉంటుంది, నడిబొడ్డు ఒకటో జోను, బయటికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంది. నాలుగో జోనులోనో ఐదో జోనులోనో గది చవక. అయితే రోజూ రానూపోనూ రెండు గంటలు, వారానికి ఐదు రోజులు వెళ్తే పది గంటలు. పనికి వెళ్ళే ప్రయాణం కూడా కలిస్తే పదిహేను. చదువు 36, పని 20, ప్రయాణం 15, రోజుకు ఎనిమిది గంటల నిద్ర కలిపితే 127 గంటలు. వారంలో ఉన్నవే 168. మిగిలిన 41 గంటల్లో, అంటే రోజుకు ఆరు గంటలు కూడా లేని సమయంలో, వంట, తిండి, స్నానం, బట్టలు, సరుకులు, ఇంటికి ఫోన్లు, ఉద్యోగ దరఖాస్తులు అన్నీ కావాలి. 1888లో లా చదవడానికి వెళ్ళిన గాంధీ ఖర్చు తగ్గించుకోదలచినప్పుడు, అరగంట నడకలో చేరుకునే చోట గది వెతుక్కున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. బండి ఖర్చు మిగిలింది, రోజూ నడక కుదిరింది. ఇప్పుడు అందరికీ నడకదూరం దొరకదు. కాని అద్దెకు టికెట్ల ఖర్చు కలిపి, ప్రయాణపు గంటలను కూడా పక్కన రాసుకుని పోల్చితే దూరపు గది చవక కాదని చాలాసార్లు తేలుతుంది. 18 ఏళ్ళు దాటిన విద్యార్థులకిచ్చే ఓయిస్టర్ ప్రయాణ కార్డుతో ట్రావెల్‌కార్డుల మీద 30 శాతం తగ్గింపు వస్తుంది. బస్సు ట్యూబ్ (భూగర్భ రైలు) కన్నా నెమ్మది గాని చాలా చవక, 2025లో ఎంత దూరమైనా 1.75 పౌండ్లు, గంటలోపు మరో బస్సు ఎక్కితే దానికి మళ్ళీ తీసుకోరు.

ఇంటి విషయంలో ఇంకో నమ్మకం ఉంది. మనవాళ్ళ షేరింగ్ ఇంట్లో కాగితాలు అక్కర్లేదు, నోటిమాట చాలు అని. తెలుగువాళ్ళ మధ్య ఉండటంలో తప్పేమీ లేదు. తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్ లాంటి చోట్ల మన సరుకులు, మన వంట, గుడి, పలకరించే మనిషి దొరకడం కొత్తగా వచ్చిన పిల్లలకు పెద్ద ఊరట. మనవాళ్ళకు దూరంగా ఉంటే తప్ప ఇంగ్లీషు రాదన్న ఉపదేశాన్ని నేను ఒప్పుకోను, సెమినార్‌లో నోరు విప్పడం వల్ల భాష వస్తుంది గాని, రాత్రి ఒంటరిగా తినడం వల్ల రాదు. కాగితం లేకపోవడంతోనే చిక్కు. అగ్రిమెంట్ లేనిదే చిరునామాకు రుజువు ఉండదు, బ్యాంకు ఖాతా ఆలస్యమవుతుంది, డిపాజిట్ తిరిగి వస్తుందన్న భరోసా ఉండదు. 2019 నుంచి ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్ళకు డిపాజిట్ ఐదు వారాల అద్దెను మించకూడదు, ఏజెంట్లు అదనపు ఫీజులు అడగకూడదు. ఆ డిపాజిట్‌ను యజమాని 30 రోజుల్లోగా ప్రభుత్వ ఆమోదం ఉన్న పథకంలో నమోదు చేయాలి. గది చూడకుండా ఇండియా నుంచే డబ్బు పంపి మోసపోతే ఈ రక్షణలేవీ ఆదుకోవు. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కౌన్సిల్ ట్యాక్స్ (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) ఉండదు. ఉద్యోగం చేసే అన్న ఒక్కరు ఆ ఇంట్లో చేరినా బిల్లు వస్తుంది, ఎవరు కట్టాలో ముందే మాట్లాడుకోవాలి.

వాన గురించి భయపడేవారు ఎక్కువ. లండన్‌లో ఏడాదికి పడేది సుమారు 600 మిల్లీమీటర్లు, హైదరాబాద్‌లో దాదాపు 800. జాగ్రత్తపడాల్సింది వెలుతురు విషయంలో. డిసెంబరు మూడో వారంలో ఎనిమిది దాటాక సూర్యోదయం, నాలుగు లోపే సూర్యాస్తమయం. రాత్రి షిఫ్టు చేసి పగలు పదింటికి లేచేవారికి చేతికి చిక్కే పగలు ఐదారు గంటలే. నిద్ర చెడటం, ఊరకే ఏడుపు రావడం, పుస్తకం తెరవబుద్ధి కాకపోవడం ఈ కాలంలో చాలామందికి ఉంటాయి, అది మనసు బలహీనత కాదు. చలికాలంలో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకోవడం గురించి ఆలోచించాలని, నల్లని చర్మం ఉన్నవారు ఏడాది పొడవునా ఆలోచించాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. ఆ ఎన్‌హెచ్‌ఎస్ ఉచితం అనుకోవడం కూడా పొరపాటే, వీసాతో పాటు విద్యార్థులు ఏడాదికి 776 పౌండ్ల చొప్పున ముందే కట్టేశారు. కట్టినదాన్ని వాడుకోవాలంటే జ్వరం వచ్చేదాకా ఆగకుండా దిగిన మొదటి వారాల్లోనే దగ్గర్లోని జీపీ (స్థానిక డాక్టరు) దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. ఇక భద్రత సంగతి. రోడ్డు పక్కన ఫోన్ చూస్తూ నిలబడితే బైకు మీద వచ్చి లాక్కుపోవడం నిజంగా జరుగుతుంది, ఆ ఒక్క జాగ్రత్త తప్పనిసరి.

దీనికంతటికీ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. గంటల లెక్క ఉన్నవాళ్ళకే, పొలం తాకట్టు పెట్టి లోను తెచ్చిన ఇంటి బిడ్డ పని చేయక ఏం చేస్తాడు అని. ఈ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయం కూడా ఉంది. పని చేయవద్దని నేను అనడం లేదు. కాని అప్పున్న విద్యార్థికే గంట విలువ ఎక్కువ. ఆ అప్పు కనీస వేతనంతో తీరదు, చదువుకు తగ్గ ఉద్యోగంతోనే తీరుతుంది. కోర్సు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా మాస్టర్స్‌కు రెండేళ్ళు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవారికి ఏడాదిన్నరే. ఆలోగా స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలంటే 2025 జూలై నుంచి జీతం సాధారణంగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవారికి 33,400 ఉండాలి. ఉద్యోగం కూడా చాలా వరకు డిగ్రీ స్థాయిదై ఉండాలి. గిడ్డంగి షిఫ్టు ఎన్నాళ్ళు చేసినా అక్కడికి చేరుకోలేరు. ‘మా బంధువుల అబ్బాయి అలాగే చేసి నిలబడ్డాడు’ అంటారు. నిలబడినవారు తమ కథ చెబుతారు, అప్పుతో తిరిగొచ్చినవారు చెప్పరు. మనకు వినిపించే ఉదాహరణలన్నీ ఒకవైపువే.

ఇంకా ముఖ్యమైన సంగతి, పెద్ద సంస్థల్లో చాలావరకు తర్వాతి ఏటి గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు దరఖాస్తులు శరదృతువులోనే, సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య తీసుకుంటాయి. అంటే సెప్టెంబరులో దిగిన విద్యార్థి ఇంకా బ్యాంకు ఖాతా తెరుచుకుంటూ, గది వెతుక్కుంటూ ఉన్న నెలల్లోనే. డిసర్టేషన్ ఇచ్చాక చూద్దామనుకునేవారికి ఆ ఏటి అవకాశాల్లో చాలా భాగం అప్పటికే పోయి ఉంటుంది. అందువల్ల మొదటి మూడు నెలల ఖర్చును లోను మొత్తంలోనే కలుపుకుని వెళ్ళమని నా సలహా. దానిమీద పడే వడ్డీ భారమే, అయినా అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంత్రం షిఫ్టుకు పరుగెత్తకుండా విశ్వవిద్యాలయపు కెరీర్స్ ఆఫీసులో కూర్చుని సీవీ దిద్దించుకోవడానికీ, దరఖాస్తులు పంపడానికీ ఆ డబ్బు వీలు కల్పిస్తుంది. పార్ట్‌టైమ్ పని జనవరిలో వెతుక్కున్నా దొరుకుతుంది.