సముద్రము దాటుటకు ముందు

మేడ్చలు రైలు స్టేషనులో నిలిచినను, శామీర్‌పేట చెరువు కట్టపై నిలిచినను మనకు సముద్రపు గాలి తగులదు. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపొందిన ఈ ప్రాంతము దక్కను పీఠభూమి నడుమ నున్నది. అయినను నేడు ఇచ్చటి కుటుంబములలో వేసవి సెలవుల మాట వచ్చినప్పుడు తిరుపతి, ఊటీలతోపాటు మారిషస్, మాల్దీవులు, బాలి అను పేర్లును వినవచ్చుచున్నవి. కొబ్బరిచెట్ల నీడయు, నీలినీటి తీరమును చూడవలెనను కోరిక తప్పు కాదు. కాని ఆ తీరమునకు దారి మొదట కాగితముల మీదుగా పోవును. ఆ కాగితములను గూర్చియే నేడు ముచ్చటింపదలచితిమి.

పలువురు పాసుపోర్టును, వీసాను ఒక్కటిగా భావింతురు. పాసుపోర్టు మన ప్రభుత్వము మనకిచ్చు గుర్తింపు. ఇతడు మావాడని ఇతర దేశములకు చెప్పు పత్రము. వీసా ఎదుటి దేశము మనకిచ్చు అనుమతి. ఇన్ని దినములు, ఈ పనికై రావచ్చునని చెప్పు మాట. ఇంటివాని ఉత్తరము మన చేతనున్నను, పొరుగింటివాడు తలుపు తీయవలెను గదా! ఆ తలుపు తీయుటయే వీసా.

పెద్దలకు పాసుపోర్టు 10 సంవత్సరములు చెల్లును. పిల్లలకిచ్చునది 5 సంవత్సరములు గాని, వారికి 18 ఏండ్లు నిండువరకు గాని, ఏది ముందైన అంతవరకే చెల్లును. ఈ చిన్న భేదము పెద్ద చిక్కులు తెచ్చును. మేమెరిగిన ఒక కుటుంబము శామీర్‌పేట నుండి బాలికి బయలుదేరినది. తల్లిదండ్రుల పాసుపోర్టులకు ఇంకను ఆరేండ్ల గడువున్నది. కుమారుని పాసుపోర్టుకు మాత్రము నాలుగు నెలలే మిగిలినది. ఇండొనేషియాలో అడుగిడునాటికి పాసుపోర్టు ఆరు నెలలైన చెల్లుబాటు కావలెనని నియమము. విమానాశ్రయపు కౌంటరు వద్దనే ఆ బాలుని నిలిపివేసిరి. పిల్లవానిని విడిచి పోలేక అందరును ఇంటికి మరలిరి. హోటలుకు ముందుగా కట్టిన సొమ్ము తిరిగి రాలేదు. ఆ రాత్రి కారులో ఆ బాలుడు, 'నా వలననే గదా' అని ఏడ్చెనట. తప్పు వానిది కాదు. గడువు తేదీ చూడని పెద్దలది. కనుక టిక్కెట్టు కొనుటకు ముందు ఇంటిల్లిపాది పాసుపోర్టులను ఒకచోట పరచి, ఒక్కొక్క తేదీని బిగ్గరగా చదివి చూచుకొనుడు.

ఇక దేశదేశమునకు నియమము వేరు. మాల్దీవులలో దిగిన పిదప యాత్రికునకు రుసుము లేకయే వీసా నిత్తురు. కాని ప్రయాణమునకు ముందు 96 గంటలలోపల ఆన్‌లైనులో వివరముల పత్రమును నింపవలెను. బాలిలో దిగిన పిదప వీసా కొనవచ్చును. అది 30 దినములకు చెల్లును, మరియొక 30 దినములకు ఒక్కసారి పొడిగింపవచ్చును. 2024 ఫిబ్రవరి నుండి విదేశీ యాత్రికుల వద్ద 1,50,000 రుపియాల సుంకమును కూడ బాలిలో తీసికొనుచున్నారు. శ్రీలంకకు పోవువారు బయలుదేరుటకు ముందే ఎలక్ట్రానిక్ అనుమతి పొందుట మేలు. మారిషస్ భారతీయ యాత్రికులకు దిగిన చోటనే రుసుము లేని వీసా నిచ్చుచున్నది. ఈ నియమములు తరచుగా మారుచుండును. ఆయా దేశముల రాయబార కార్యాలయపు వెబ్‌సైటును ప్రయాణమునకు ఒక నెల ముందు ఒకసారి, వారము ముందు మరియొకసారి చూచుకొనుట మేలు. బంధువులు రెండేండ్ల క్రిందట పోయివచ్చిన అనుభవము నేటికి ప్రమాణము కాదు.

'దిగిన పిదప వీసా' అనగా ప్రశ్నలే యుండవని కొందరి భ్రమ. తిరుగు టిక్కెట్టు, బస ఏర్పాటైనట్లు రుజువు, ఖర్చులకు చాలినంత సొమ్ము ఈ మూడును చూపుమని అడుగుదురు. మొదట అడుగువారు అచ్చటి అధికారులు కారు. ఇచ్చటి విమాన సంస్థవారే. అనుమతి దొరకని యాత్రికుని వెనుకకు తెచ్చు భారము ఆ సంస్థపై పడును గనుక వారు ముందే జాగ్రత్తపడుదురు. కాగితములను ఫోనులో నుంచుకొనుటతో తృప్తిపడక, అచ్చువేసిన ప్రతులను కూడ చేతిసంచిలో నుంచుకొనవలెను.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. యాత్రికుల వీసాపై పోయి ఉద్యోగము చేయుట చట్టవిరుద్ధము. 'ముందు టూరిస్టుగా పొండు, పిదప పని మేము చూపుదుము' అని చెప్పు దళారీ మాట నమ్మరాదు. థాయ్‌లాండులో కంప్యూటరు ఉద్యోగములని నమ్మి పోయి, మయన్మారు సరిహద్దు దాటింపబడి, సైబరు మోసముల శిబిరములలో చిక్కిన వందలాది భారతీయులను 2025 మార్చిలో మన ప్రభుత్వము విమానములలో స్వదేశమునకు తెచ్చినది. వారిలో తెలుగు యువకులును కలరు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాసుపోర్టులకు సాధారణముగా వలస తనిఖీ అవసరమను గుర్తు ఉండును. 1983 నాటి వలస చట్టము క్రింద, గల్ఫు దేశములతోపాటు థాయ్‌లాండు, ఇండొనేషియా, మలేషియా మొదలగు 18 దేశములకు పనికై పోవువారికి ఈ తనిఖీ వర్తించును. అది అడ్డుగోడ కాదు. కూలికి పోవువానికి కట్టిన రక్షణ కంచె. దానిని దాటించెదనని చెప్పువాడు హితుడు కాడు.

సొమ్ము విషయమును కూడ ముందే తేల్చుకొనవలెను. భారతీయ రూపాయలను దేశము వెలుపలికి 25,000 వరకే తీసికొనిపోవచ్చును. మిగిలిన ఖర్చునకు బ్యాంకు ద్వారా విదేశీ ద్రవ్యము గాని, ఫారెక్సు కార్డు గాని తీసికొనవలెను. విదేశ యాత్రల ప్యాకేజీ కొన్నప్పుడు మూలమున కొంత పన్ను వసూలు చేయుదురు. అది పోయిన సొమ్ము కాదు; ఆదాయపు పన్ను లెక్క దాఖలు చేయునప్పుడు సర్దుబాటు చేసికొనవచ్చును. రశీదును భద్రపరుపుడు.

సంచిలో ఏమి పెట్టుకొనవలెనో కూడ ఆలోచింపవలెను. మాల్దీవులలోనికి మద్యమును, పంది మాంసమును, పూజకై విగ్రహములను తీసికొనిపోరాదు. పచ్చి కరివేపాకు, తులసి మొక్క, విత్తనములు మారిషస్ వంటి ద్వీపములలో అనుమతి లేక దించుకొనరాదు. చిన్న ద్వీపమునకు క్రొత్త చీడ పట్టినచో పంటలన్నియు నష్టమగును గనుక అట్టి కట్టుదిట్టము. మందులు వాడువారు వైద్యుని చీటీని వెంటనుంచుకొనవలెను.

ఋతువును గూర్చియు రెండు మాటలు. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణమున 20 డిగ్రీల దూరమున నున్నది. కనుక మన వేసవి వారికి వేసవి కాదు. జనవరి నుండి మార్చి వరకు అచ్చట తుపానుల భయముండును. మే నుండి అక్టోబరు వరకు చల్లగా, హాయిగా నుండును. మాల్దీవులలో మే నుండి అక్టోబరు వరకు నైఋతి పవనముల వానలు కురియును. బాలిలో ఏప్రిలు నుండి అక్టోబరు వరకు వానలు తక్కువ. పిల్లల సెలవులు మే నెలలో వచ్చును గనుక, ఆ నెలకు తగిన ద్వీపమునే ఎంచుకొనుట వివేకము.

మేడ్చలు వారికి మరియొక లెక్క కలదు. 2008 మార్చి వరకు బేగంపేటలోనే విమానమెక్కు వీలుండెడిది. ఇప్పుడు శంషాబాదుకు పోవలెను. అది నగరమునకు దక్షిణమున నున్నది. మనము ఉత్తరమున నున్నాము. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో ఇంచుమించు సగము చుట్టవలెను. అంతర్జాతీయ విమానమునకు మూడు గంటలు ముందుగా చేరవలెను గనుక, ఇంటి నుండి అయిదు గంటల ముందు కదలినవాడు నిశ్చింతగా నుండును.

ఈ కాగితములన్నియు విసుగు పుట్టించుట నిజమే. కాని మన పూర్వులు ఇదే సముద్రమును ఎట్లు దాటిరో ఒకసారి తలచుకొందము. 1834 నుండి 1920 వరకు దాదాపు 5 లక్షల మంది భారతీయులు కూలి ఒప్పందముపై మారిషస్ చేరిరి. వారిలో తెలుగువారును కలరు. కోరంగి, విశాఖపట్నము, గంజాము రేవుల దిక్కు నుండి ఓడలెక్కి చెరకుతోటలకు పోయిరి. ఒప్పందము ముగిసిన పిదప కూడ వారు స్వేచ్ఛగా తిరుగలేకపోయిరి. 1867 నాటి చట్టము ప్రకారము ఛాయాచిత్రము గల పాసును ఎల్లప్పుడును దగ్గర నుంచుకొనవలసి వచ్చెను. అది లేనివానిని దిమ్మరియని పట్టుకొనెడివారు. ఆ అన్యాయములపై ఫిర్యాదులు లేవగా 1872లో రాజ విచారణ సంఘము నియమింపబడినది. వారు దిగిన రేవు మెట్లు నేడు ఆప్రవాసీ ఘాట్ అను పేర 2006 నుండి ప్రపంచ వారసత్వ స్థలమైనవి.

స్వతంత్ర భారతములోను విదేశయాత్ర చాలకాలము ప్రభుత్వపు దయపై నుండెను. 1967 ఏప్రిలులో సుప్రీంకోర్టు, విదేశములకు పోవుట పౌరుని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పెను. ఆ యేడే పాసుపోర్టు చట్టము వచ్చినది. నాడు మనిషిని కట్టివేసిన కాగితమే నేడు మనకు దారి తెరచుచున్నది.

మారిషస్‌లో దిగిన తెలుగు యాత్రికునకు ఆ ద్వీపము పరాయిగా తోచదు. ఉగాది అచ్చట ప్రభుత్వ సెలవుదినము. సింహాద్రి అప్పన్న పూజలును, రామభజనలును సాగుచున్నవి. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలును అచ్చట జరిగినవి. ఆ కూలీల పేర్లు వ్రాసిన పుస్తకములు మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. భారత మూలములు గల ఏడవ తరము మారిషస్ పౌరులకు కూడ ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు నిచ్చుటకు వీలు కల్పింతుమని 2024 మార్చిలో మన రాష్ట్రపతి అచ్చటనే ప్రకటించిరి. ముత్తాత పేరు గల పాత కాగితము ఇన్నేండ్లకు మునిమనుమనికి ఇంటిదారి చూపుచున్నది.

కనుక కాగితములను అలక్ష్యము చేయక, భయపడక, సకాలమున సరిచూచుకొని బయలుదేరుడు. తీరము చేరిన పిదప పిల్లలకు అలలను చూపుడు. ఆ అలలపై తొలుత వచ్చినవారి కథను కూడ చెప్పుడు.