బండి నేలకు దిగాకే బిగింపు

ఆదోని యార్డుకు పత్తి రావడం దసరాకు అటూ ఇటూగా మొదలై సంక్రాంతి దాటినా సాగుతూనే ఉంటుంది. ఆ నెలల్లో కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు, హొళగుంద దారుల్లో పాత టాటా 407కు తీరిక ఉండదు. ఊళ్ల నుంచి పత్తి బోరేలు యార్డుకు చేర్చాలి, యార్డు నుంచి జిన్నింగ్ మిల్లుకు చేర్చాలి, తిరుగు ప్రయాణంలో ఎరువుల బస్తాలో సిమెంటో దొరికితే అవీ వేసుకోవాలి. 1986లో మన రోడ్ల మీదికి వచ్చిన ఈ బండిని, ఎన్నో చేతులు మారాక కొనుక్కుని దాని మీదే బతికే ఇళ్లు ఈ పడమటి మండలాల్లో ఇప్పటికీ ఉన్నాయి. యజమానే డ్రైవరు. ఎండాకాలం బాడుగలు పలచబడ్డాక ఇంటి ముందు చెట్టు నీడన బండి నిలిపి, వాయిదా వేసిన రిపేర్లన్నీ అప్పుడు పెట్టుకుంటాడు. ఆ పనుల్లో ముందుగా చేయాల్సిందీ, చాలామంది ఆఖరికి వదిలేసేదీ ఒకటుంది. కమాన్ కట్టల బుష్‌లు మార్చడం.

వదిలేయడానికి కారణం ఒకటే. బుష్ అరిగినా బండి ఆగదు. క్లచ్ పోతే ఆగుతుంది, డీజిల్ పంపు మొరాయిస్తే ఆగుతుంది. బుష్ పోతే మాత్రం స్పీడు బ్రేకర్ దగ్గర టకటకమంటుంది, అంతే. నెల గడిచేసరికి ఆ చప్పుడు చెవికి అలవాటైపోతుంది. ఈలోగా నష్టం మరోచోట జరుగుతుంటుంది.

కమాన్ కట్ట అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు. 1804లో లండన్‌లో గుర్రపు బండ్లు తయారుచేసే ఒబడయా ఎలియట్ ఇలాంటి పట్టీల స్ప్రింగుకు పేటెంటు తీసుకున్నాడు. రెండు వందల ఏళ్లు దాటినా లారీల కింద ఉన్నది మూలంలో అదే ఆలోచన. పై పట్టీ రెండు చివరలూ గుండ్రంగా చుట్టి ఉంటాయి. ముందు చుట్టలోంచి పిన్ను దూర్చి ఛాసిస్ బ్రాకెట్‌కు బిగిస్తారు. వెనక చుట్టను మాత్రం నేరుగా బిగించడానికి వీల్లేదు. బరువు పడితే వంపు తిరిగిన కట్ట చదునవుతుంది, చదునైతే పొడవు పెరుగుతుంది. ఆ పెరిగే పొడవుకు చోటివ్వడానికి వెనక షాకిల్ అనే ఊగే జంట పలకలు ఉంటాయి. ముందు చుట్టలో ఒకటి, వెనక చుట్టలో ఒకటి, షాకిల్ పైన బ్రాకెట్‌లో ఒకటి చొప్పున కట్టకు మూడు కీళ్లు. నాలుగు కట్టలకు పన్నెండు. కొన్ని పెద్ద లారీల్లో వెనక కట్ట చివర చుట్ట లేకుండా బ్రాకెట్‌లో జారుతూ ఉంటుంది గనక లెక్క తగ్గుతుంది. ఈ ప్రతి కీలులోనూ పిన్నుకూ చుట్టకూ మధ్య ఉండే గొట్టమే బుష్.

ఇక్కడ సామాన్యంగా గమనింపుకు రాని సంగతి ఒకటుంది. లారీలో కమాన్ కట్ట బరువు మోయడంతో సరిపెట్టుకోదు, ఇరుసును దాని స్థానంలో నిలబెట్టేదీ అదే. కార్లలో ఆ పనికి వేరే చేతులు, రాడ్లు ఉంటాయి. 407లో లేవు. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు ఆగిపోతే, బండి బరువంతా ముందుకు తోస్తుంటే, ఆ తోపు ఇరుసు నుంచి ఛాసిస్‌కు చేరేది ముందు చుట్టలోని బుష్ మీదుగానే. అది ఒక పక్క అరిగిందనుకోండి, బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ పక్క ఇరుసు కొంచెం వెనక్కి జరుగుతుంది, రెండో పక్క జరగదు. స్టీరింగ్ ఒక వైపు లాగుతుంది. టైరు ఒక అంచున నున్నబడుతుంది. డ్రైవరు అలైన్‌మెంట్ చేయించుకుని వస్తాడు, మళ్లీ లాగుతుంది. అరిగిన బుష్‌ల మీద చేసిన అలైన్‌మెంట్ నిలవదు.

మన ప్రాంతంలో ఈ అరుగుదల త్వరగా వస్తుందంటే దానికి నేల ఒక కారణం. ఆదోని, ఆలూరు, కౌతాళం చుట్టూ చాలాచోట్ల నల్లరేగడి. పత్తికి అంత మేలు చేసే ఈ మట్టి రోడ్డుకు పగ. వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని బెత్తెడేసి పగుళ్లిస్తుంది. పైన తారు ఎంత బాగా పోసినా, కింద నేల ఏడాదికోసారి లేచి కూర్చుంటే రోడ్డు అలలు తిరుగుతుంది. ఒక చక్రం మిట్ట మీద, రెండోది పల్లంలో ఉన్నప్పుడు ఇరుసు ఏటవాలవుతుంది, కట్ట మెలిపడుతుంది, ఆ మెలికంతా బుష్‌ల మీద పడుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఉన్నది సుమారు 30 కిలోమీటర్లే. అంత చిన్న దూరంలోనే ఇలా ఎన్నిసార్లు జరుగుతుందో ఆ దారిన బండి నడిపినవారికి చెప్పక్కర్లేదు.

రెండో కారణం సరుకు. బేతంచెర్ల నాపరాళ్లు వేసిన బండిలో బరువు చాలా, ఎత్తు తక్కువ. విడి పత్తి దీనికి సరిగ్గా తిరగబడ్డ సరుకు. ప్రెస్సు చేసిన బేలు ఒక్కోటి 170 కిలోలు ఉంటుంది, కుదురుగా కూర్చుంటుంది. జిన్నింగ్‌కు ముందు పత్తి అలా కాదు, తూకం తక్కువైనా చోటు ఎక్కువ కావాలి. అందుకే బోరేలు క్యాబిన్ కంటే ఎంతో ఎత్తుకు పేర్చి తాళ్లు బిగిస్తారు. ఎత్తు పెరిగిన కొద్దీ మలుపులో బండి పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగుడును పట్టి ఆపేది కట్టలూ, వాటి కీళ్లూ. బరువు పరిమితిలోనే ఉంది కదా అని బుష్‌లకు శ్రమ లేదనుకోకూడదు. ఈ లెక్కన పత్తి మోసే బండికి నాపరాళ్లు మోసే బండి కంటే ఎక్కువ శ్రద్ధ కావాలనే నేనంటాను.

బుష్ పోయిందో లేదో తెలుసుకోవడానికి గ్యారేజీ అక్కర్లేదు. చదునైన చోట బండి నిలిపి చక్రాలకు అడ్డాలు పెట్టి, చుట్టకూ బ్రాకెట్‌కూ మధ్య గడ్డపార మొన దూర్చి మెల్లగా తెమల్చాలి. పిన్ను గలగలా కదిలితే పని పడినట్టే. పిన్ను చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. రబ్బరు పక్కకు ఉబ్బి బయటికి వచ్చినా, పగుళ్లు పట్టినా అంతే. ఇక ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి రెండు పక్కలా టేపుతో కొలిచి చూడండి. రెండు కొలతల్లో తేడా కనిపిస్తే ఇరుసు పక్కకు తిరిగి ఉండవచ్చు.

బుష్‌లు ప్రధానంగా రెండు జాతులు. పాత బండ్లలోనూ పెద్ద లారీల్లోనూ ఉండే గన్‌మెటల్ బుష్‌లో ఉక్కు పిన్ను తిరుగుతుంది, మధ్యలో గ్రీజు ఉండాలి. అది అరిగితే లేత్ పనివాడి దగ్గరికి వెళ్లక తప్పదు. చుట్టలోకి బలంగా దిగిన బుష్ కొద్దిగా బిగుసుకుని లోపలి రంధ్రం చిన్నదవుతుంది. దానికి రీమర్ పెట్టి పిన్నుకు సరిపెట్టాలి. పిన్ను మీద గాడి పడి ఉంటే కొత్త బుష్‌లో పాత పిన్ను వేయడం దండగ. ఈ రకానికి గ్రీజు కొట్టడంలోనూ ఒక కిటుకుంది. బండి బరువు కట్ట మీద ఉండగా పిన్ను ఒక పక్కకు ఒత్తుకుని ఉంటుంది, సరిగ్గా గ్రీజు కావాల్సిన ఆ పక్కకే గ్రీజు వెళ్లదు. ఛాసిస్‌ను జాకీతో లేపి, బరువు తీసి, అప్పుడు గన్ కొడితే చుట్టూ వ్యాపిస్తుంది. పాత నల్ల గ్రీజు పోయి కొత్తది అంచుల్లో కనిపించేదాకా కొట్టాలి.

రెండో జాతి రబ్బరు బుష్. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును వేడిచేసి గట్టిపరచడం కనిపెట్టకపోతే ఇది లేదు. పచ్చి రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి పెళుసయ్యేది. ఈ బుష్‌లో లోపల ఒక ఇనుప గొట్టం, బయట చాలా రకాల్లో మరొకటి, నడుమ రబ్బరు. పిన్ను బిగించాక లోపలి గొట్టం బ్రాకెట్‌తో ఒకటైపోతుంది, బయటి గొట్టం చుట్టతో ఒకటైపోతుంది. ఇందులో ఏదీ దేని మీదా జారదు. కట్ట కదిలినప్పుడల్లా రబ్బరే తనలో తాను మెలిపడి, తిరిగి సరి అవుతుంది. తడి బట్టను రెండు చేతులతో పట్టి కొద్దిగా పిండి వదిలినట్టు. జారేది లేదు గనక గ్రీజూ అక్కర్లేదు. పైగా గ్రీజు, డీజిల్ తగిలితే సహజ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు చాలు. అన్ని కీళ్లకూ ఒకే మందు అన్నట్టు రబ్బరు బుష్‌కు కూడా గ్రీజు పూసేవారున్నారు, ఆ అలవాటు మానుకోవాలి.

ఇప్పుడు పని దగ్గరకు వద్దాం. ఇంటి దగ్గర చేయదగ్గ పనే, ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు పాటిస్తేనే. జాకీ లేపడానికి మాత్రమే, నిలబెట్టడానికి కాదు. మెత్తటి నేల మీద మందపాటి చెక్క పలక పరిచి దాని మీద జాకీ పెట్టాలి, ఛాసిస్ కింద గట్టి స్టాండ్లు చేర్చాలి. ఇటుకలు, రాళ్లు పేర్చి వాటి మీద బండి నిలపకూడదు. ఇటుక చెప్పకుండా చిట్లుతుంది. స్టాండ్ల మీద ఛాసిస్ కూర్చున్నాకే కిందికి దూరాలి, అది కూడా ఇంట్లో ఇంకో మనిషి పక్కన ఉన్నప్పుడే.

తరువాత రెండో జాకీని ఇరుసు కింద పెట్టాలి. ఈ పనిలోని నేర్పంతా ఇక్కడుంది. ఇరుసు వేలాడితే దాని బరువు పిన్నును కిందికి లాగుతుంది, ఎక్కువ లేపితే కట్ట పైకి నెడుతుంది. ఆ రెండింటికీ మధ్య ఏ ఒత్తిడీ లేని ఒక ఎత్తు ఉంటుంది. జాకీని కొద్దికొద్దిగా లేపుతూ దించుతూ పిన్నును చేత్తో తిప్పి చూస్తుంటే అది దొరుకుతుంది. అక్కడ పిన్ను తేలిగ్గా జారి వస్తుంది. ఆ ఎత్తు దొరక్క ముందే సమ్మెట ఎత్తినవారు పిన్ను తల పాడుచేసుకుంటారు, బ్రాకెట్‌నూ వంచుకుంటారు. తుప్పు పట్టినవాటికి ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలే నూనె పోసి పెట్టండి. ఒకసారి ఒక కట్ట, ఒక చివర మాత్రమే విప్పండి. అప్పుడు ఇరుసు స్థానం తప్పదు.

పాత రబ్బరు బుష్‌ను చుట్టలోంచి తీయడానికి చాలాచోట్ల గ్యాసు మంట పెట్టి కాల్చేస్తారు. వేగంగానే వస్తుంది, కానీ చుట్ట ఎర్రబడితే ఆ ఉక్కుకు పెట్టిన పదును పోతుంది. ఆ పట్టీ తరువాత అక్కడే వంగుతుంది లేదా విరుగుతుంది. కాలే రబ్బరు పొగ ఊపిరితిత్తులకు చేసే చెడు వేరే. దీని బదులు పొడవాటి మరల రాడ్డు, నట్టు, బుష్ బయటి కొలత పట్టే పైపు ముక్క ఒకటి లేత్ షాపులో చేయించుకుంటే, నట్టు బిగిస్తూ పోతే బుష్ పైపులోకి వచ్చేస్తుంది. కొత్తదాన్నీ దాంతోనే లోపలికి లాగవచ్చు. మొండికేసిన గొట్టాన్ని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి కోయాల్సి వస్తే, బ్లేడు చుట్టను తాకక ముందే ఆపాలి. స్ప్రింగు ఉక్కు మీద ఒక్క గీత పడినా పగులు అక్కడే మొదలవుతుంది. అదే కారణంతో పట్టీల మీద నేరుగా సుత్తి దెబ్బ వేయకూడదు.

అన్నీ ఎక్కించాక పిన్నుల నట్లను కేవలం ఒరుసుకునేంత బిగించి అక్కడితో ఆపాలి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలనుకునేవారికి ఆ మాట ఇదే. రబ్బరు బుష్ తానున్న స్థితిలో బిగుసుకుంటుంది. బండి గాల్లో ఉండగా, కట్ట పూర్తిగా వంపు తిరిగి ఉండగా నట్టు గట్టిగా బిగిస్తే, రబ్బరు ఆ స్థితినే తన విశ్రాంతిగా తీసుకుంటుంది. బండి కిందికి దించగానే మెలిపడుతుంది, ఇక రోజంతా, నిలబడి ఉన్నప్పుడు కూడా మెలిపడే ఉంటుంది. లోడు పడితే మరికాస్త. కొత్త బుష్ కొద్ది నెలలకే చిరిగితే కంపెనీ సరుకు నాసిరకమని తిట్టుకుంటాం, చాలాసార్లు తప్పు బిగింపుదే. చక్రాలు వేసి, జాకీలు తీసి, బండిని నేల మీదికి దించి, ముందుకూ వెనక్కూ ఒకటి రెండు గజాలు దొర్లించి, మళ్లీ అడ్డాలు పెట్టి, అప్పుడు కిందికి దూరి చివరి బిగింపు ఇవ్వాలి. గన్‌మెటల్ రకానికి ఈ నియమం లేదు. అక్కడ పిన్ను స్వేచ్ఛగా తిరుగుతుంది.

ఒక పక్క మార్చితే రెండో పక్క కూడా మార్చాలి. కొత్త బుష్ ఒక పక్క, సగం అరిగింది రెండో పక్క ఉంటే లాగుడు పోదు. ఇరుసును కట్టకు పట్టి ఉంచే యూ బోల్టులను బుష్ కోసం విప్పక్కర్లేదు. ఏ కారణానైనా విప్పితే పాతవి మళ్లీ వేయకండి, ఒకసారి బిగింపుకు సాగిన బోల్టు రెండోసారి అంత పట్టు ఇవ్వదు.

ఇంటి దగ్గర చేయకూడని పనులూ ఉన్నాయి. పట్టీ చిట్లి ఉంటే కమాన్ పనివాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. ఛాసిస్ మీద బ్రాకెట్ పగిలితే, దాని రివెట్లు వదులైతే, ఇంటి దగ్గర వెల్డింగ్ పెట్టి సరిపుచ్చవద్దు. ఎత్తుగా పత్తి బోరేలు కట్టుకున్న బండి ఊగుతూ పోతుంటే, దాని పక్కనే బైకు మీద బిడ్డను ఎక్కించుకుని వెళ్లే తల్లిదండ్రులు ఉంటారు. ఆ బ్రాకెట్ మీద వాళ్ల ప్రాణాలు కూడా ఆధారపడి ఉంటాయి.

బుష్‌లు మార్చిన బండిని ఖాళీగా కొంత దూరం తిప్పి, తరువాత లోడుతో నాలుగైదు ట్రిప్పులు వేశాక నట్లన్నీ మరోసారి చూడాలి. కొత్త భాగాలు ఒకదానిలో ఒకటి ఒదుగుతాయి గనక నట్లు కొద్దిగా వదులవుతాయి. ఆ రెండో బిగింపు కూడా బండి నేల మీద ఉండగానే. అలైన్‌మెంట్‌కు ఆ తరువాతే వెళ్లండి.