వార్తల్లో పదం: పార్ట్‌నర్ వీసా

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి ఆస్ట్రేలియాకు ఉన్నత చదువులకు వెళ్లే విద్యార్థులకు ఆ దేశం సాధారణంగా సబ్‌క్లాస్ 500 అనే స్టూడెంట్ వీసా ఇస్తుంది. అక్కడి పౌరులను గాని, శాశ్వత నివాసులను గాని, అర్హులైన న్యూజిలాండ్ పౌరులను గాని పెళ్లాడినవారు దేశం విడిచి వెళ్లకుండానే జీవిత భాగస్వామి హోదాలో కోరే అనుమతి పార్ట్‌నర్ వీసా.

ఇందులో తాత్కాలికమైన 820, శాశ్వతమైన 801 అనే రెండు దశలున్నా దరఖాస్తు ఒకటే. రెండో దశను సాధారణంగా దరఖాస్తు చేసిన రెండేళ్లకు పరిశీలిస్తారు.

వివాహం జరిగినంత మాత్రాన హక్కు సిద్ధించదు. ఆర్థిక వ్యవహారాలు, ఇంటి నిర్వహణ, బంధుమిత్రుల గుర్తింపు, పరస్పర నిబద్ధత అనే నాలుగు కోణాల్లో ఆ బంధం నిజమైనదేనా అని అధికారులు పరిశీలిస్తారు. పెళ్లి స్వగ్రామంలో జరిగితే, 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం కింద పొందిన ధ్రువపత్రం ముఖ్యమైన ఆధారమవుతుంది.

స్టూడెంట్ వీసా అమల్లో ఉండగానే దరఖాస్తు చేస్తే బ్రిడ్జింగ్ వీసా ఏ, అంటే నిర్ణయం వెలువడే వరకు అక్కడే ఉండేందుకు వీలిచ్చే అనుమతి, సాధారణంగా లభిస్తుంది. అయితే అది పాత వీసా ముగిశాకే అమల్లోకి వస్తుంది కనుక అంతవరకు చదువు నిబంధనలు పాటించవలసిందే. ఆ తర్వాత స్వదేశానికి వచ్చి తిరిగి వెళ్లాలంటే, ప్రయాణానికి ముందే బ్రిడ్జింగ్ వీసా బీ పొందాలి. స్టూడెంట్ వీసాపై 8503 షరతు ఉన్నవారు, దానికి మినహాయింపు దొరికితే తప్ప, దేశంలో ఉంటూ ఈ దరఖాస్తు చేయలేరు. వారికి మిగిలేది విదేశం నుంచి కోరే 309, 100 వీసాల మార్గం.