అడ్రినలిన్: మందు ఒకటే, దారులు వేరు

ఛత్తీస్‌గఢ్‌లోని కోటా నుంచి బిలాస్‌పూర్ సుమారు 30 కిలోమీటర్లు. రైలులో వెళ్ళేవారికి స్టేషన్ బోర్డు మీద ఆ ఊరి పేరు కనిపించదు, కార్గీ రోడ్ అని ఉంటుంది. అచానక్‌మార్ అడవి వైపు తేనెటీగలు కుట్టిన ఒక మనిషిని కోటాలో 108 వాహనం ఎక్కించారనుకుందాం. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు పూడుకుపోతోంది, నాడి అందీ అందకుండా ఉంది. బిలాస్‌పూర్ చేరేదాకా ఆగే వ్యవధి లేదు. మందుల పెట్టెలోని అడ్రినలిన్ ఆంప్యూల్ అతన్ని బతికించగలదు. తప్పు దారిలో ఇస్తే అదే ప్రాణం తీయగలదు కూడా. ఈ పాఠంలో మనం తెలుసుకోవలసింది ఆ తేడాయే.

తీవ్రమైన ఎలర్జీలో రక్తనాళాలు సడలి రక్తపోటు పడిపోతుంది, ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు బిగుసుకుంటాయి. అడ్రినలిన్ రక్తనాళాలను బిగిస్తుంది, గాలిగొట్టాలను వదులు చేస్తుంది, గుండెను వేగంగా, బలంగా కొట్టిస్తుంది. ఈ మూడో పనిలోనే ప్రమాదమూ ఉంది.

ఆంప్యూల్ మీద 1:1000 అని ఉంటే 1000 మి.లీ.లో 1 గ్రాము మందు అని అర్థం. అంటే 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఎలర్జీలో పెద్దవారికి ఇచ్చేది 0.5 మి.గ్రా., అనగా అర మి.లీ. దీన్ని తొడ బయటివైపు, మధ్యభాగంలో, కండరంలోకి ఇవ్వాలి. కండరంలో రక్తప్రసరణ ఎక్కువ కనుక మందు కొద్ది నిమిషాల్లోనే రక్తంలో కలుస్తుంది, అయితే ఒక్కసారిగా కాదు. చర్మం కింద ఇస్తే ఆలస్యమవుతుంది. మందు అక్కడి సన్నని రక్తనాళాలను బిగించి తన దారిని తానే మూసుకుంటుంది! గుణం కనిపించకపోతే 5 నిమిషాల తర్వాత మళ్ళీ ఇవ్వవచ్చు. పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. లెక్క. 15 కిలోల బిడ్డకు 0.15 మి.లీ. చాలు. ఇంత చిన్న కొలతకు 1 మి.లీ. సిరంజి తప్ప మరొకటి వాడకండి.

గుండె ఆగిపోయినవారి సంగతి వేరు. వారికి 1 మి.గ్రా. మందును సెలైన్‌తో 10 మి.లీ. చేసి, 3 నుంచి 5 నిమిషాలకొకసారి సిరలోకి ఇస్తారు. కొట్టుకుంటున్న గుండెకు అదే మోతాదు సిరలోకి వెళితే లయ తప్పవచ్చు, రక్తపోటు ఎగసి మెదడులో రక్తస్రావం కావచ్చు.

దారి మారితే ఫలితం మారడం మిగతా మందుల్లోనూ చూస్తాం. గుండెనొప్పికి నాలుక కింద పెట్టే నైట్రేట్ మాత్రను మింగితే, కాలేయం దానిలో చాలా భాగాన్ని ముందే విరిచేస్తుంది. స్పృహలేని మధుమేహ రోగి నోట్లో పంచదార నీళ్ళు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది, ఛత్తీస్‌గఢ్‌కు 2011లో వచ్చింది. మందు ఇచ్చే ముందు ఇఎంటీ డాక్టరును ఫోనులో అడగడం ఇందులో ముఖ్యమైన పద్ధతి. అవతల డాక్టరు హిందీలో చెబుతారు, ఇవతల వినేది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువాడు కావచ్చు, పైగా సైరన్ మోత. “పాయింట్ ఐదు”లో పాయింట్ వినపడకపోతే మిగిలేది ఐదు. అందుకే “సున్నా పాయింట్ ఐదు మిల్లీగ్రాములు, తొడ కండరంలోకి” అని పూర్తిగా తిరిగి చెప్పి, డాక్టరు అవునన్నాకే సూది గుచ్చండి. “సగం” అనే మాట అసలు వాడవద్దు. ఆంప్యూల్‌లో సగమా, సిరంజిలో సగమా?

ఇచ్చిన సమయాన్ని వెంటనే కాగితం మీద రాయండి. ఖాళీ ఆంప్యూల్‌ను పారేయకుండా ఆసుపత్రిలో చూపించండి. రెండో మోతాదు ఇవ్వాలో వద్దో అక్కడి డాక్టరు వాటిని చూసే నిర్ణయిస్తారు.